కాబ్రాల్ రాసుకున్న లెక్కలు

కాశీబుగ్గలో మా మావయ్యకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ముందొక రేకుల షెడ్డు, వెనక గోడౌను, మధ్యలో పిక్కలు ఆరబోసే సిమెంటు కళ్లం. వేసవి సెలవులకి వెళ్తే మా ఆటలన్నీ గోడౌనులో బస్తాల మీదే. చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చిన బస్తాల మీద ఏమీ రాసి ఉండదు. ఓడ మీద వచ్చిన గోనె బస్తాల మీద మాత్రం నల్ల సిరాతో ఏవో అక్షరాలు అచ్చేసి ఉండేవి. ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి, ఒక బస్తా మీద సగం చెరిగిపోయిన పేరు కూడబలుక్కుని చదివాను. బిస్సావు.

"మావయ్యా, ఇదెక్కడుంది?" అన్నాను.

ఆయన ఒక పిక్కని నిలువునా కోసి, లోపల పప్పు ఎంత నిండుగా ఉందో వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు. "ఎక్కడుంటే మనకేట్రా? అవుట్‌టర్న్ బాగుంటది" అన్నాడు. బస్తా పిక్కలు కొడితే ఎంత పప్పు దిగుతుందన్న లెక్కకి వ్యాపారంలో వాడే మాట అది. ఆ లెక్కలో బిస్సావు పిక్కకి మంచి పేరు.

అది గినీ-బిస్సావు అనే దేశానికి రాజధాని అని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పడమటి ఆఫ్రికాలో సెనెగల్‌కీ గినీకీ మధ్య, అట్లాంటిక్ ఒడ్డున ఇరుక్కుని ఉంటుంది. మన పాత అనంతపురం, కర్నూలు జిల్లాలు రెండూ కలిపితే ఎంతో, దేశమంతా కలిపి అంతే. నదులు, చిత్తడి, మడ అడవులు. చెప్పుకోదగ్గ కొండ ఒక్కటి లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్నామధ్య ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మాటల్లో ఆఫ్రికా వచ్చింది. వరసకి బావయ్యే ఒకాయన, "ఆ దేశాలకి స్వాతంత్ర్యం ఇచ్చి ఏం లాభం? ఎప్పుడూ కుట్రలు, కొట్లాటలు. తెల్లోళ్లు ఉండుంటే ఈపాటికి బాగుపడేవి" అన్నాడు. మిగతాది ఎలాగో మింగాను గానీ, "ఇచ్చి" అన్న మాట దగ్గర గొంతులో ముద్ద అడ్డం పడింది. విస్తరి ముందు కూర్చుని పది నిమిషాల్లో చెప్పగలిగే సంగతి కాదు. పైగా ఆయన అప్పటికే పెరుగులోకి వచ్చేశాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. గినీ-బిస్సావుకి స్వాతంత్ర్యం ఎవరూ ఇవ్వలేదు. పోర్చుగల్ ఒప్పుకోకముందే వాళ్లే ప్రకటించుకున్నారు. ప్రకటించుకోకముందే, ఊళ్లలో అది చాలావరకు నడుస్తోంది. దాని వెనక ఉన్న మనిషి అమిల్కార్ కాబ్రాల్. ఆయన గురించి చెప్పేవాళ్లు తుపాకీతో మొదలుపెడతారు, లేదా ఆయన సిద్ధాంతంతో మొదలుపెడతారు. నా లెక్కలో మొదలు పెట్టాల్సింది ఒక వ్యవసాయ సర్వేతో.

కాబ్రాల్ 1924 సెప్టెంబరు 12న బఫాతా అనే ఊళ్లో పుట్టాడు. అప్పుడు ఆ దేశం పేరు పోర్చుగీసు గినీ. ఇక నుంచి నేను ఉత్తినే గినీ అంటే ఇదే, పక్కదేశం కాదు. తల్లిదండ్రులు కేప్ వెర్డె దీవుల వాళ్లు, అవీ అప్పుడు పోర్చుగల్ కిందే ఉండేవి. తండ్రి బడిపంతులు. పిల్లవాడికి ఎనిమిదేళ్ల ప్రాయంలో కుటుంబం మళ్లీ దీవులకి వెళ్లిపోయింది. అక్కడ తల్లి ఇవా, కుట్టుపని చేసి, చేపలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో కూలి చేసి కొడుకుని చదివించింది. 1940లలో ఆ దీవుల్లో రెండుసార్లు ఘోరమైన కరువొచ్చింది. పదుల వేల మంది చచ్చిపోయారు. వాన పడకపోవడం ఒకెత్తు, వాన పడలేదని తెలిసీ పోర్చుగల్ రాజధాని లిస్బన్ కదలకపోవడం ఒకెత్తు. ఆ వయసులో అది చూసిన కుర్రాడు 1945లో స్కాలర్‌షిప్ దొరికి పోర్చుగల్‌కి వెళ్తే ఏం చదువుతాడు? తోటివాళ్లు లా చదివారు, మెడిసిన్ చదివారు. ఈయన వ్యవసాయ శాస్త్రం తీసుకున్నాడు.

చదువు చివర్లో థీసిస్ కోసం పోర్చుగల్ దక్షిణాన అలెన్తేజో ప్రాంతంలో ఒక ఊరి దగ్గర నేల కోతని అధ్యయనం చేశాడు. ఆ ఊరి పేరు క్యూబా. తర్వాత 1966లో ఆయన అసలు క్యూబాకి వెళ్లి, హవానాలో మూడు ఖండాల ఉద్యమకారుల ముందు మాట్లాడాడు. ఆ ప్రసంగం గురించి పుస్తకాల కొద్దీ రాశారు. నాకు మాత్రం ఈ చిన్న క్యూబాయే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. అలెన్తేజో అంటే పెద్ద పెద్ద జమీలు, సెంటు భూమి లేని కూలీలు. మమ్మల్ని ఏలుతున్న దేశంలో కూడా పల్లెటూరి మనిషి బతుకు ఇంతే అన్నమాట అని ఆయన అక్కడ కళ్లారా చూశాడు. మేము పోర్చుగీసు జనంతో కాదు, వలస పాలనతో పోట్లాడుతున్నాం అని జీవితాంతం చెప్పాడే, ఆ మాట ఊరికే మర్యాద కోసం చెప్పింది కాదని నాకనిపిస్తుంది.

1952లో ప్రభుత్వ ఉద్యోగిగా బిస్సావుకి వచ్చాడు. పెసుబే అనే చోట ప్రయోగ క్షేత్రం ఆయన చేతికిచ్చారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థకి పోర్చుగల్ ఒక మాట ఇచ్చి ఉంది, కాలనీల్లో వ్యవసాయ గణన చేయిస్తామని. గినీలో ఆ పని ఈ కొత్త ఇంజినీరు మీద పడింది. 1953లో తన భార్య మరియా హెలెనాతో కలిసి బయల్దేరాడు. ఆవిడ పోర్చుగీసు మనిషి, కాలేజీలో తోటి విద్యార్థిని, ఆవిడా వ్యవసాయ శాస్త్రవేత్తే. ఇద్దరూ, వాళ్ల బృందమూ కలిసి ఆ చిన్న దేశంలో 60,000 కిలోమీటర్ల దాకా తిరిగారని చెబుతారు.

కాసేపు ఈ సర్వే దగ్గర ఆగుదాం. వ్యవసాయ గణన అంటే ఏమిటి? ఊరికి వెళ్లాలి. ఇంటి పెద్దని పట్టుకోవాలి. ఏం వేశావు, ఎంత వేశావు, ఎంత పండింది, ఎంత తిన్నారు, ఎంత అమ్మారు, ఎవరికి అమ్మారు, ఏ ధరకి, పన్ను ఎంత కట్టావు, పొలం ఎవరిది, దున్నేదెవరు, నాటేదెవరు. అడిగి రాసుకోవాలి. తర్వాత పొలంలోకి దిగి కొలవాలి, ఎందుకంటే ప్రభుత్వం మనిషికి రైతు ఎప్పుడూ తక్కువే చెబుతాడు. మా ఊళ్లో వీఆర్వో వచ్చినప్పుడు మా తాత చెట్ల లెక్క ఎలా చెప్పేవాడో నాకు తెలుసు. అందులో మూడోవంతు చెట్లు ఎటుపోయాయో దేవుడికే ఎరుక. ఆ అబద్ధాన్ని దాటి మనిషితో మాట కలపడం వచ్చినవాడే సర్వే చెయ్యగలడు.

కాబ్రాల్ ఆ తిరుగుడులో చూసినవి చాలా ఉన్నాయి. తీరం వైపు ఊళ్లు ఉప్పునీటి పోటుతోనే బతుకుతాయి. బలంత జాతివాళ్లు మడ అడవిని నరికి, బురదతో గట్లు కట్టి, సముద్రపు నీటిని బయటే ఆపి, వాననీటితో ఉప్పు కడిగించి వరి పండిస్తారు. ఆ గట్టు వేసే పార మనిషి కంటే పొడుగు. మొత్తం కర్రే, కొసన మాత్రం ఇనప అంచు. ఈ బలంతలకి రాజు లేడు, దొర లేడు, ఊరి పెద్దలే అన్నీ. తూర్పున ఫులాలకి మాత్రం నాయకులు, వాళ్ల కింద మతపెద్దలు, వాళ్ల కింద చేతిపనివాళ్లు, అందరికన్నా కింద రైతు. పోర్చుగీసు వాళ్లు ఆ నాయకుల్ని చేరదీసి వాళ్ల ద్వారా పన్ను పిండేవారు. పైగా అందరి చేతా వేరుశనగ వేయించడం. పంట కంపెనీకి అమ్మాలి, కంపెనీ చెప్పిన ధరకి అమ్మాలి. ఏటేటా అదే పంట పడితే ఆ తేలిక నేల ఏమవుతుందో కాబ్రాల్ తన వ్యాసాల్లో అప్పుడే హెచ్చరించాడు. సర్వే ఫలితాలు 1956లో ప్రభుత్వ పత్రికలోనే అచ్చయ్యాయి. అచ్చువేసినవాళ్లకి తాము అచ్చువేస్తున్నదేమిటో తెలియదు.

సర్వేకి బయల్దేరిన పదకొండేళ్ల తర్వాత, 1964లో, ఇటలీలో మిలాన్ దగ్గర ఒక సదస్సులో కాబ్రాల్ తన దేశపు సమాజాన్ని పొరలు పొరలుగా విప్పి చెప్పాడు. ఏ జాతిలో ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు, ఎవరికి ఏం పోతుంది, ఎవరికి ఏం దక్కుతుంది, పోరాటంలోకి ఎవరు ముందొస్తారు, ఎవరు రారు. బలంతల్లో కదలిక తేలిగ్గా వచ్చింది, ఫులాల్లో కష్టమైంది. ఎందుకో కూడా చెప్పాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది, రైతు తనంతట తాను విప్లవకారుడేమీ కాడని మొహమాటం లేకుండా అనడం. రైతు బలం లేకపోతే పోరాటం లేదు, కానీ ఆ రైతుని ఒప్పించడానికి మా ప్రాణం మీదకి వచ్చింది అన్నాడు. ఆ కాలంలో ఇలా మాట్లాడటం మామూలు విషయం కాదు. అందరూ చైనా విప్లవం పుస్తకం తెరిచి తమ దేశంలో ఆ పేజీ ఎక్కడుందా అని వెతుకుతున్న రోజులవి. ఈయన తన దేశపు నోట్‌బుక్ ముందు రాసుకుని, తర్వాత పుస్తకాలు తెరిచాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన కూడా మొదట తప్పటడుగే వేశాడు. 1954లో బిస్సావులో స్థానికుల కోసం ఆటల క్లబ్బు పెట్టబోతే ప్రభుత్వం ఒప్పుకోలేదు. మర్నాటి ఏడు ఆయన్నే దేశం నుంచి పంపేసింది. తల్లిని చూడటానికి ఏడాదికి ఒకసారి రావచ్చని మాత్రం సెలవిచ్చింది. అలా వచ్చిన ఒకసారే, 1956 సెప్టెంబరు 19న, బిస్సావులో ఆరుగురు కూర్చుని పార్టీ పెట్టారని అధికారిక చరిత్ర. ఆ తేదీని ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు, ఆ గొడవ మనకొద్దు. పార్టీ పేరు పొడి అక్షరాల్లో పీఏఐజీసీ. గినీ, కేప్ వెర్డె రెండింటి స్వాతంత్ర్యమూ దాని లక్ష్యం. ఈ "రెండూ" అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

పార్టీ మొదట పట్నంలో కూలీల్ని నమ్ముకుంది. 1959 ఆగస్టు 3న బిస్సావు రేవులో, పిజిగీటి అనే చోట, జీతాలు పెంచమని ఓడ కూలీలు పని ఆపేశారు. వాళ్లు పనిచేసేది గువేయా అనే వ్యాపార సంస్థకి. రైతుల దగ్గర వేరుశనగ కొనేదీ అదే. పోలీసులొచ్చారు. కూలీల చేతుల్లో తెడ్లు, కర్రలు ఉన్నాయి. రేవు ఒకపక్క, తుపాకులు ఒకపక్క. యాభై మంది దాకా అక్కడే చచ్చిపోయారు, కొంతమందిని నీళ్లలోకి దూకాక కూడా కాల్చారు. మరుసటి నెలలో కాబ్రాల్, మిగతావాళ్లు కలుసుకుని ఒక నిర్ణయానికొచ్చారు. పట్నంలో ఉంటే ఇలాగే చస్తాం, పల్లెల్లోకి పోవాలి. పల్లెలు ఎలా ఉంటాయో నోట్‌బుక్కుల నిండా రాసుకున్నవాడు వాళ్లలో ఉన్నాడు కదా!

పక్కనున్న ఫ్రెంచి గినీకి 1958లోనే స్వాతంత్ర్యం వచ్చింది. దాని రాజధాని కోనక్రీలో 1960లో స్థావరం పెట్టి, కాబ్రాల్ ఒక బడి నడిపాడు. పట్నం నుంచి పారిపోయి వచ్చిన కుర్రాళ్లని పల్లెలకి పంపేముందు తయారుచేసే బడి. అక్కడ వాళ్లకి తుపాకీ కంటే ముందు నేర్పింది, ఊరి పెద్దతో మాట్లాడటం. ఒకడు ఊరి పెద్దలా కూర్చోవాలి, ఇంకొకడు వచ్చి దణ్ణం పెట్టి మాట మొదలుపెట్టాలి. తప్పు మాట్లాడితే మళ్లీ మొదటి నుంచి. సామ్రాజ్యవాదం, వలసవాదం లాంటి మాటలు అనకూడదు. నీ తండ్రి ఎవరు, ఆయన ఎలా బతికాడు, పన్ను ఎంత కట్టాడు, నువ్వెంత కడుతున్నావు, వేరుశనగకి ఎంతిచ్చారు, దాన్ని పండించడానికి నీకెంత అయింది, రోడ్డు పనికి నీ కొడుకుని తీసుకెళ్లినప్పుడు కూలి ఇచ్చారా అని అడగాలి.

చదువుతుంటే మీకూ తట్టే ఉంటుంది. ఇవి సర్వే ప్రశ్నలే. 1953లో ప్రభుత్వం తరఫున అడిగిన ప్రశ్నల్నే ఏడెనిమిదేళ్ల తర్వాత కుర్రాళ్ల చేత మళ్లీ అడిగించాడు. ఒకటే తేడా. అప్పుడు జవాబు కాగితం మీదకి వెళ్లేది. ఇప్పుడు రైతు తన జవాబు తానే విని కాసేపు ఊరుకునేవాడు.

1963 జనవరి 23న తీతే అనే చోట పోర్చుగీసు శిబిరం మీద దాడితో యుద్ధం మొదలైంది. గెరిల్లా యుద్ధానికి కొండలు కావాలని అప్పట్లో అందరూ అనేవారు. మా దేశంలో కొండల్లేవు, మా జనమే మాకు కొండలు అన్నాడు కాబ్రాల్. నేను శ్రీకాకుళం జిల్లా వాణ్ని. మాకు కొండలున్నాయి, అదే దశాబ్దం చివర్లో ఆ కొండల్లో గిరిజన రైతుల సాయుధ పోరాటంలో ఏం జరిగిందో, 1970 నాటికి ఎలా ముగిసిందో పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకోవడం విన్నాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కొండల గురించి ఆ మాట చదివినప్పుడు మాత్రం మా మందస కొండల వైపు చూసినట్టయింది.

యుద్ధం మొదలైన ఏడాదికే పార్టీకి లోపల నుంచి పురుగు పట్టింది. గెలిచిన ఊళ్లలో కొందరు కమాండర్లు చిన్న రాజుల్లా తయారయ్యారు. ఆడవాళ్లని చెరబట్టారు, మంత్రగత్తెలని నింద వేసి కొందరిని చంపారు. 1964 ఫిబ్రవరిలో కసాకా అనే చోట, అవతల కోమో దీవి మీద పోర్చుగీసు సైన్యం పెద్ద దాడి చేస్తూ ఉండగానే, కాబ్రాల్ అందర్నీ పిలిచి మహాసభ పెట్టాడు. తప్పు చేసిన కమాండర్ల మీద విచారణ జరిగింది, కొందరికి మరణశిక్ష పడింది. దీన్ని పొగడాలా తిట్టాలా అంటే నాకు రెండూ చేతకావు. యుద్ధం నడుస్తుండగా సొంత మనుషుల మీద విచారణ పెట్టడానికి గుండె కావాలి. ఆ విచారణలో నిందితుడి తరఫున మాట్లాడేవాడు ఎవడన్న ప్రశ్న కూడా అలాగే ఉండిపోతుంది.

ఆ సభ తర్వాత వచ్చినవే అసలు స్వాతంత్ర్యం అంటాను నేను. విముక్తి పొందిన ఊళ్లలో ఊరికొక కమిటీ, అయిదుగురు సభ్యులు, కనీసం ఇద్దరు ఆడవాళ్లు. ఇది 1960లలో, మడ అడవిలో. ప్రజల దుకాణాలు పెట్టారు. రైతు ధాన్యం తెచ్చి ఇస్తే గుడ్డ, ఉప్పు, సబ్బు, పార పట్టుకెళ్లేవాడు, కంపెనీ ఇచ్చేదానికంటే మంచి రేటుకి. చెట్ల కింద బడులు. బాంబులు పడతాయని బల్లల పక్కనే గుంటలు తవ్వుకునేవారు. 1970లు వచ్చేసరికి పద్నాలుగు వేల పైచిలుకు పిల్లలు చదువుతున్నారని పార్టీ లెక్క. తుపాకులు సోవియట్ నుంచి, డాక్టర్లు క్యూబా నుంచి, పుస్తకాలు, మందులు స్వీడన్ నుంచి వచ్చాయి. వరి మాత్రం బలంతల గట్ల వెనకే పండింది. అందుకే పోర్చుగీసు విమానాలు ఊళ్లతో పాటు ఆ గట్ల మీద కూడా బాంబులు వేశాయి. గట్టు తెగితే ఉప్పునీరు లోపలికొస్తుంది, ఆ పొలం మళ్లీ దారికి రావడానికి ఏళ్లు పడుతుంది.

1965లో కార్యకర్తలకి పంపిన ఆదేశాల్లో కాబ్రాల్ చెప్పిన రెండు సంగతులు నాకు నోటికొచ్చు. జనం ఎవరి బుర్రలోనో ఉన్న ఆలోచనల కోసం పోరాడరు, తమ బతుకు బాగుపడాలని, పిల్లల రేపటి కోసం పోరాడతారు అన్నది ఒకటి. జనం దగ్గర ఏదీ దాచొద్దు, అబద్ధం చెప్పొద్దు, తేలిగ్గా గెలిచామని చెప్పుకోవద్దు అన్నది రెండోది. ఈ రెండో మాటని ఈ మధ్య టీషర్టుల మీద కూడా వేస్తున్నారు. వ్యవసాయాధికారి నోట ఈ మాట రావడంలో నాకు ఆశ్చర్యం లేదు. ఎకరాకి ఎంత దిగుబడి వచ్చిందో తప్పు రాస్తే వచ్చే ఏడు తిండికి ఎవడు లోటు పడతాడో ఆయనకి తెలుసు.

సరే, నాయకుడి పాత్ర ఎంత అన్న ప్రశ్నకి వద్దాం. ఈ మాట ఎత్తగానే కొందరు అంటారు, అది ఆయన గొప్పతనం కాదు, కాలం అలా కలిసొచ్చింది, పోర్చుగల్ మూడు కాలనీల్లో ఒకేసారి యుద్ధం చేసి చితికిపోయింది, 1974 ఏప్రిల్ 25న అక్కడి సైనికాధికారులే తిరగబడి ప్రభుత్వాన్ని కూలదోశారు, దాంతో కాలనీలన్నీ చేతికొచ్చాయి అని. నిజమే. కానీ ఆ సైనికాధికారుల్లో చాలామందికి బుద్ధి వచ్చింది గినీ బురదలోనే కదా. కోనక్రీ నుంచి పార్టీ రేడియో పోర్చుగీసు సైనికులకి వాళ్ల భాషలోనే మాట్లాడేది, చచ్చిపోయిన సైనికుల పేర్లు చదివి వినిపించేది. పట్టుబడిన సైనికుల్ని రెడ్‌క్రాస్ చేతికి అప్పగించేవారు. చర్చలకి సిద్ధమని కాబ్రాల్ ఎన్నిసార్లు కబురు పెట్టాడో లెక్కలేదు. అవతలి సైన్యంలో చదువుకున్న కుర్ర కెప్టెన్‌కి, మనమిక్కడ ఎందుకున్నామన్న అనుమానం దానంతట అది పుట్టదు.

ఇంకొక సాక్ష్యం ఉంది, తేదీల్లో. 1973 జనవరి 20 రాత్రి కోనక్రీలో ఒక విందు నుంచి రెండో భార్య అనా మరియాతో కారులో ఇంటికొచ్చాడు కాబ్రాల్. వాకిట్లో ఎదురుచూస్తున్నవాళ్లు పరాయివాళ్లు కారు, పార్టీ మనుషులే. తాళ్లు తెచ్చారు. కట్టనివ్వనన్నాడు. కాల్చేశారు. ఆయన అంత్యక్రియలకి బయల్దేరిన తితీనా సిలా అనే మహిళా నాయకురాలు దారిలో నది దాటుతూ పోర్చుగీసు దాడిలో చనిపోయింది. ఇంత దెబ్బ తగిలాక ఏ ఉద్యమమైనా చెల్లాచెదురవ్వాలి. అవ్వలేదు. ఎనిమిది నెలలకి, సెప్టెంబరు 24న, మదీనా దో బొయే అడవుల్లో, కాబ్రాల్ బతికుండగా ఎన్నికలు పెట్టి ఏర్పాటు చేసిన జాతీయ అసెంబ్లీయే కూర్చుని స్వాతంత్ర్యం ప్రకటించింది. నవంబరుకల్లా ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసమావేశం దాన్ని గుర్తించింది. పోర్చుగల్ ఒప్పుకున్నది ఆ తర్వాత, 1974 సెప్టెంబరు 10న. "ఇచ్చి" అన్నాడే మా బావ, ఆయనకి ఈ రెండు తేదీలూ వాట్సాప్ చేశాను. బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు.

అయితే ఆ రాత్రి వాకిట్లో ఉన్నవాళ్లెవరు? పోర్చుగీసు రహస్య పోలీసుల చెయ్యి ఉందని చాలామంది నమ్ముతారు. ఉండే ఉంటుంది, 1970 నవంబరులో వాళ్లు ఏకంగా కోనక్రీ మీదకే సముద్రం నుంచి దాడికి దిగారు, ఆయన ఊళ్లో లేక బతికిపోయాడు. కానీ ఆ చెయ్యి పట్టుకోవడానికి లోపల ఒక పిడి దొరికింది. పార్టీ పైవరసలో ఎక్కువమంది కేప్ వెర్డె మూలాలున్నవాళ్లు. అడవిలో తుపాకీ పట్టి చచ్చేవాళ్లలో ఎక్కువమంది గినీ వాళ్లు. పైగా పోర్చుగీసు పాలనలో పన్ను వసూలుకి వచ్చిన గుమాస్తా, పోలీసు ఎక్కువగా కేప్ వెర్డె మనిషే. ఆ ఉక్రోషం పోరాటంలో కరిగిపోతుందని కాబ్రాల్ నమ్మాడు. ఇక్కడ ఆయన అభిమానులతో నాకు పేచీ. ప్రతి జాతిలో ఎవరికి ఎవరంటే కడుపుమంటో అంత వివరంగా రాసుకున్నవాడు, తన వాళ్లంటే మిగతావాళ్లకి ఉన్న కడుపుమంటని ఆశకి వదిలేశాడు. ఆ నోట్‌బుక్కులో ఒక్క గడి ఖాళీగా ఉంచాడు. అది తన పేరున్న గడి.

తర్వాతి కథ బావకి బాగా నచ్చే కథ. పోర్చుగీసు సైన్యంలో పనిచేసిన ఆఫ్రికన్ సైనికుల్ని కొత్త ప్రభుత్వం కాల్చి చంపింది. 1980లో కాబ్రాల్ సవతి తమ్ముడు, అధ్యక్షుడు లూయీస్‌ని, గెరిల్లా యుద్ధంలో హీరో అయిన నీనో వియైరా కూలదోశాడు. దాంతో కేప్ వెర్డెతో కలయిక కూడా పోయింది. తర్వాత అంతర్యుద్ధం. 2009లో నీనోనీ చంపేశారు. కుట్రలు ఇప్పటికీ ఆగలేదు. ఇవేవీ నేను దాచను.

కానీ తెల్లోళ్లు ఉండుంటే అనేవాళ్లు తెల్లోళ్లు ఏం చేశారో కూడా చూడాలి. 1961 దాకా ఆ దేశంలో "నాగరికులు" అని కాగితం ఉన్నవాడికే పౌరహక్కులు. పోర్చుగీసు చదవడం రాయడం రావాలి, ఆదాయం చూపించాలి, నడవడిక బాగుందని అధికారి రాసివ్వాలి. అలాంటి కాగితం ఉన్న ఆఫ్రికన్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతా తొంభై తొమ్మిది మందికీ పన్ను, వెట్టి. ప్రపంచం ప్రశ్నిస్తుందని 1951లో కాలనీ అన్న మాట తీసేసి "సముద్రం అవతలి రాష్ట్రం" అని పేరు మార్చారు. గోవా గురించి కూడా లిస్బన్ అదే పాట పాడింది కదా. 1961లో కాసాబ్లాంకాలో పోర్చుగీసు కాలనీల ఉద్యమాలన్నీ ఒక కూటమి కట్టినప్పుడు కాబ్రాల్ పక్కన గోవావాళ్లు కూడా కూర్చున్నారు. ఆ డిసెంబరులోనే గోవా బయటపడింది. గినీకి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

కాబ్రాల్ బతికుంటే ఇలా జరిగేది కాదు అనే వాదన నేను చెయ్యను. చచ్చిపోయినవాళ్లకి మార్కులెక్కువ వెయ్యడం మనకి అలవాటు. అధికారం చేతికొచ్చాక ఆయన ఎలా ఉండేవాడో ఎవడికి తెలుసు? నన్ను తొలిచేది వేరే సంగతి. ఆయన ఒక్క పంట గురించి చేసిన హెచ్చరిక. వేరుశనగ పోయింది. దాని బదులు జీడి వచ్చింది. ఇప్పుడు గినీ-బిస్సావు ఎగుమతుల్లో తొంభై శాతం దాకా జీడిపిక్కలే, అదీ కొట్టకుండా పచ్చి పిక్కలే. వాటిని ఎక్కువగా కొనేది మనమూ, వియత్నామూ. అక్కడి రైతు పిక్కలిచ్చి, ఓడలో వచ్చిన పరాయి బియ్యం తీసుకుంటాడు. ధర బాగున్న ఏడు కిలోకి కిలో. పడిపోయిన ఏడు రెండు మూడు కిలోల పిక్కలిస్తే గానీ కిలో బియ్యం రావు. మనిషి కంటే పొడుగున్న పారతో సముద్రాన్ని ఆపి వరి పండించినవాళ్ల దేశం అది.

ఇటు ఉద్దానంలో మా వాళ్లు ఏటా రోడ్డెక్కుతారు. విదేశీ పిక్కలు దించి మా ధర పడగొడుతున్నారని, ఎనభై కిలోల బస్తాకి గిట్టుబాటు ధర కావాలని. వాళ్ల కోపం న్యాయమైనదే. ఆ "విదేశీ పిక్క" వెనక ఉన్న రైతుకి కూడా ధర చెప్పే హక్కు లేదన్న సంగతి మాత్రం ఆ ధర్నాల్లో ఎవరూ అనరు. నేను కూడా మైకు దొరికితే అంటానా అంటే, అనుమానమే.

మొన్న మావయ్యకి ఫోన్ చేశాను. బిస్సావు సరుకు ఈసారి ఎలా ఉంది అంటే అవుట్‌టర్న్ గురించి పావుగంట చెప్పాడు, తేమ గురించి ఇంకో పావుగంట. అంతా విని, "అక్కడ రైతుకి కిలోకి ఎంత ముడుతుంది మావయ్యా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. వెనక షెడ్డులో పిక్కలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నలభై ఏళ్ల నుంచి ఈ యాపారంలో ఉన్నాను. ఎప్పుడూ అడగలేదురా" అన్నాడు. తర్వాత, "వచ్చే నెల బ్రోకరు వస్తాడు, అడుగుతానుండు" అని ఫోన్ పెట్టేశాడు.